మామయ్య వ్యాను కప్పుకి అసలు సిసలు భాగాలు

జనవరి 1, బుధవారం. ఉదయం 7.40

కొత్త సంవత్సరం, కొత్త నోటుబుక్కు, కొత్త నేను. దోబ్రీష్ ఊరంతటికీ ఈ పూట మేలుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

క్రిస్మస్ రాత్రి చేప వేపుడూ బంగాళదుంపల సలాడూ తింటూ అందరి ముందూ మాట ఇచ్చేశాను. మే పదిహేడున అత్తయ్య వ్లాస్తాకి ఎనభై నిండుతాయి. ఆ రోజు మామయ్య వ్యాను స్లాపీ జలాశయం గట్టున నిలబడుతుంది, కప్పు పైకి లేస్తుంది, అత్తయ్య అందులోనే పడుకుంటుంది.

మా బావమరిది లుబోర్ ప్రాగ్‌లో కాఫీ కొట్లు నడుపుతాడు. వ్యాను మీద వాడి కన్ను పడి రెండేళ్లయింది. చేపముల్లు తీసి పళ్లెం అంచున పెట్టి అన్నాడు: "సరే బావా. మే పదిహేడుకి కప్పు లేచి నిలబడితే వ్యాను అమ్మదే. లేవకపోతే నాది. పక్క రేకు కోసి కిటికీ పెట్టి కాఫీ అమ్ముకుంటాను. షెడ్డులో తుప్పు పట్టడం కన్నా నయం కదా."

అత్తయ్య వింటూనే సలాడు ఇంకో గరిటె వేసుకుంది. తర్వాత గిన్నెలు కడుగుతూ మా ఆవిడ యిట్కాతో మాత్రం అందట: "మీ ఆయన కబుర్లకేం గానీ, అందులో ఇంకొక్కసారి పడుకోవాలని ఉందే."

అది ష్కోడా 1203, ఒకప్పుడు అంబులెన్సు. 1976లో ఓల్ద్రిఖ్ మామయ్య పైన రేకు కోసి, మడతల గుడ్డతో లేచే కప్పు పెట్టాడు. స్వయంగా, తన చేతుల్తో. వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఇల్లరికం వచ్చేసరికే ఆయన పోయి మూడేళ్లు. చూడలేదు గానీ ఆయన పనితనం అంటే నాకు గురి.

నియమాలు:
1. అసలు భాగాలే. మామయ్య ఏది పెట్టాడో అదే.
2. "ఉన్నదాంతో సరిపెట్టేద్దాం" అనే మాట నోట రాకూడదు. ఈ దేశంలో ప్రతి ఇంటి షెడ్డునీ ఆ మాటే నింపింది.
3. తీగ, టేపు, జిగురు నిషేధం.
4. అత్తయ్యని అడగకూడదు. ఆవిడకిచ్చే కానుక గురించి ఆవిణ్ణే అడిగితే ఏం బాగుంటుంది. పైగా నవ్వుతుంది.

కావలసినవి:
– కప్పు ఎత్తే కమ్మీ ఒకటి (నాలుగింట్లో ఒకటి విరిగింది)
– నీలం గుడ్డ, మడతలది (ఎలుకలు)
– చుట్టూ రబ్బరు పట్టీ
– ముందువైపు కొక్కెం ఒకటి (రెండింట్లో ఒకటి లేదు)

నాలుగంటే నాలుగే వస్తువులు. ఫిబ్రవరికల్లా అయిపోతుంది.

8.15. షెడ్డుకి పరుగెత్తుతూ టమాటా మడిలో పాతిన ఇనప ఊతకి కాలు తగిలి మంచులో బోర్లా పడ్డాను. తుప్పూ, పాత తాళ్లూ. ఏటా పీకి పారేద్దామనుకుంటాను. అత్తయ్య కిటికీలోంచి చూసింది. నవ్వింది.

జనవరి 12, ఆదివారం

పాత వ్యాన్ల అభిమానుల గుంపులో విరిగిన కమ్మీ ఫొటో పెట్టాను. నలభై రెండు జవాబులు. ఒకాయన, పెద్ద నిపుణుడట, రాశాడు: "ముప్ఫై ఏళ్లలో ఇలాంటిది చూడలేదు. తూర్పు జర్మనీ తయారీ కావచ్చు. సైన్యం కోసం."

సైన్యం కోసం. మామయ్య ఏమన్నా సామాన్యుడా.

ఆ జవాబు అచ్చు వేయించి ఫైలులో పెట్టాను. ఫైలు బీరువా మీద పెట్టాను, మామయ్య అకార్డియన్ పెట్టె పక్కన. ఆ పెట్టె తాడుతో కట్టి ఉంటుంది, నేను వచ్చిన రోజు నుంచీ అంతే. ఆయన వస్తువులంటే అత్తయ్యకి ఎంత భక్తో, ఎవరూ తెరవకుండా కట్టేసింది.

జనవరి 25, శనివారం

4.30 లేచాను. యిట్కా రొట్టెలో కట్లెట్లు పెట్టి ఇచ్చింది. నాలుగు. కొలీన్ సంతకి వెళ్లేదారిలోనే మూడు అయిపోయాయి.

పాత సామాన్లు అమ్మే క్రొపాచెక్ అనే ఆయన దొరికాడు. డెబ్బై దాటినవాడు, చెవుల టోపీ. కమ్మీని చేతిలో అటూ ఇటూ తూచాడు.

"ఎక్కడిదిది?"

"మా మామయ్య చేసిన వ్యాను కప్పుది. సైన్యం సరుకు."

"ఓహో. సైన్యం సరుకా." కాసేపు నా మొహం చూశాడు. "ఎక్కడో చూసినట్టే ఉంది తమ్ముడూ. మార్చి సంతకి రా, తెచ్చి పెడతాను."

దొరికినట్టే. వస్తూ వస్తూ బీరు తాగకుండా వచ్చాను, బండి నడపాలి కాబట్టి. మనిషి మారాడంటే ఇదే మరి.

ఫిబ్రవరి 9, ఆదివారం

భాగాలు వచ్చేలోపు ఖాళీగా ఎందుకని కప్పు లోపలి చెక్క శుభ్రం చేశాను. తల పెట్టుకునే వైపు ఎవరో పెన్సిలుతో గీతలు గీసి పెట్టారు. చిన్న చిన్నవి, వరసలు వరసలు, నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డగీత. చిన్నప్పుడు లుబోర్ గాడి నిర్వాకం అయి ఉంటుంది. మామయ్య పనిమీద పిచ్చిగీతలు.

ఉప్పుకాగితంతో గంటన్నర రుద్దాను. ఇప్పుడు అద్దంలా ఉంది. చెయ్యి పెడితే జారుతుంది. ఈ నెలన్నరలో పూర్తిగా నా చేత్తో అయిన మొదటి పని ఇదే. చాలా తృప్తిగా ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

రబ్బరు పట్టీ పోలండు నుంచి వచ్చింది. ఆ కాలపు అచ్చులోనే పోశారని గుర్తింపు పత్రం, దానిమీద ముద్ర. యిట్కాకి ఎంతయిందో చెప్పలేదు. ఆవిడా అడగలేదు, అదే భయంగా ఉంది.

చుట్టూ పెట్టి చూశాను. నలభై సెంటీమీటర్లు తక్కువ.

పత్రాన్ని మళ్లీ చదివాను. అందులో పొడుగు సంగతి లేదు.

కొక్కెం ఫొటో ఒక ఇనప కొట్టువాడికి చూపిస్తే, "ఇది వాయిద్యాల పెట్టెకుండేది సార్" అన్నాడు. ఈ రోజుల్లో ఎవరికీ పని తెలియదు.

మార్చి 8, శనివారం

మహిళా దినోత్సవం. అత్తయ్యకి ఎర్ర కార్నేషన్ పువ్వొకటి ఇచ్చాను. నీళ్లలో పెడుతూ అడిగింది:

"కప్పు ఎంతవరకు వచ్చింది అల్లుడు గారూ?"

"అది రహస్యం అత్తయ్యా."

"సరే సరే. నేనేమన్నా చెయ్యాలా?"

"వద్దొద్దు. మీరు విశ్రాంతి తీసుకోండి."

"ఇరవై ఏళ్ల నుంచి నా చేత అదే చేయిస్తున్నారుగా" అంది.

నేను గట్టివాణ్ణి. నియమం 4 చెక్కు చెదరలేదు.

మార్చి 22, శనివారం

కొలీన్. వాన. క్రొపాచెక్ టార్పాలిను ఎత్తాడు. కింద చంటిపిల్లల తోపుడుబండి. చక్రాలు, పట్టీలు, నీలం గుడ్డ కప్పు, అన్నీ ఉన్నాయి.

"ఏమిటిది?"

"నీ కమ్మీ. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి."

"నేనడిగింది వ్యానుది."

"నువ్వు చూపించింది ఇది. చూడు, అదే వంపు. అవే మూడు చిల్లులు."

చూశాను. వంపు అదే. చిల్లులూ మూడే. అయినా అంత పనివాడు, వీధి వీధంతా పొగిడిన మనిషి, పిల్లల బండి కమ్మీల మీద కప్పు నిలబెడతాడా?

"నన్ను చూస్తే వెర్రివాడిలా కనిపిస్తున్నానా?" అన్నాను.

"అబ్బే, అదేం లేదు. పిల్లల బండి కొనడానికి కాస్త వయసు మళ్లింది, అంతే."

చుట్టూ నలుగురు నవ్వారు. ఖాళీ చేతుల్తో వచ్చేశాను. నియమం 1 నిలబడింది. నా పరువు అంతగా నిలబడలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పరిస్థితుల దృష్ట్యా కొన్ని తాత్కాలిక ఏర్పాట్లు:

– రబ్బరు తక్కువైన చోట నీళ్ల గొట్టానికి చుట్టే స్పాంజి. (ఇది సరిపెట్టడం కాదు. కొలత తీసుకోవడం కోసం.)
– కొక్కెం బదులు తీగ. (నమూనా.)
– కమ్మీ బదులు పుస్తకాల అర కింద ఉండే మూల ఊత. (బరువు లెక్క చూడటానికి.)
– గుడ్డ బదులు స్నానాలగది పరదా. (రంగు నీలమే.)

*ఇక్కడ యిట్కా అక్షరాలు: "పరదా మీద బాతులున్నాయి. పుస్తకాలు నేలమీద ఉన్నాయి. నీళ్ల గొట్టం గడ్డకడితే నువ్వే చూసుకో. ఇట్లు, నమూనా భార్య."*

డైరీ దాచుకునే చోటు మార్చాలి.

ఏప్రిల్ 21, ఈస్టరు సోమవారం

లుబోర్ వచ్చాడు. ఒక చేతిలో అల్లిన విల్లో బెత్తం, ఇంకో చేతిలో కొలత టేపు. పండగ మర్యాద ప్రకారం అక్కనీ అమ్మనీ బెత్తంతో తట్టి, రంగు గుడ్లు పుచ్చుకుని, నాతో షెడ్డుకొచ్చి వ్యాను పక్క రేకు కొలవడం మొదలెట్టాడు.

"ఇంకా నాలుగు వారాలుంది" అన్నాను.

"ఊరికే కొలుస్తున్నా బావా. కాఫీ యంత్రం ఎటు పెట్టాలో చూసుకోవద్దూ?"

పట్టుదల వచ్చింది. కప్పు ఎత్తి చూపిస్తానన్నాను. ఎత్తాను. మూడు కమ్మీలు, ఆ పుస్తకాల అర ఊత, అదనంగా చీపురుకర్ర. నిలబడింది. లుబోర్ మొహం కాస్త పాలిపోయింది కూడా. ఆ ఆనందంలో చీపురుకర్ర మీద చెయ్యి వేశాను.

కప్పు నా భుజాల మీదకి దిగింది. బాతుల పరదా మెడ చుట్టూ చుట్టుకుంది. లుబోర్ మంచివాడు, బయటికి లాగాడు. లాగి, కిటికీ ఎత్తు కూడా కొలుచుకున్నాడు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఈసారి నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది. దానికన్నా నవ్వితేనే బాగుండేది.

మే 3, శనివారం

ఏమీ రాయలేదు. రాయడానికేముంది.

మే 8, గురువారం, సెలవు

లుబోర్ మెసేజి: "బావా, తాళంచెవి పదిహేడునే తీసుకుంటా. అమ్మకి కేకు నేనే తెస్తా."

చదివాక కూర్చోలేకపోయాను. విరిగిన కమ్మీ తీసుకుని కింద వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య గసగసాల బన్నుల పిండి పిసుకుతోంది. కమ్మీ బల్లమీద పెట్టాను.

"అత్తయ్యా, నియమం తప్పుతున్నాను. మామయ్య దీన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

చేతులు తుడుచుకుని తీసుకుంది. "మామయ్య తేవడమేమిటి? నేను తెచ్చాను. రోజుకొకటి, రొట్టె సంచిలో పెట్టుకుని, ఆరు రోజులు."

"ఎక్కణ్ణుంచి?"

"పిల్లల బండ్ల ఫ్యాక్టరీ నుంచి. పదకొండేళ్లు కుట్టానుగా అక్కడ, బండి కప్పులు. మడతలు పెట్టి, కమ్మీలు దూర్చి. అదే కాస్త పెద్దది కుట్టి వ్యానుకి తగిలించాను. అందులో పాపాయి, ఇందులో మీ మామయ్య. తేడా ఏముంది?"

"అంటే కప్పు మీరు చేశారా?"

"మరింకెవరు? మీ మామయ్యా? ఆయన మేకు కొడుతుంటే గోడకి జాలి వేసేది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మరి వీధిలో అందరూ..."

"నేను లోపల కూర్చుని బిగించాను. ఆయన పైన రేకు పట్టుకుని నిలబడ్డాడు. వీధిలోవాళ్లు నిలబడినవాణ్ణి చూశారు. ఓల్ద్రిఖ్ భలే చేశాడే అన్నారు. అప్పుడాయన మొహం చూడాలి మీరు, దీపం పెట్టినట్టు. నాకు ఆర్పబుద్ధి కాలేదు."

"నాకైనా చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"మీరు అడిగారా అల్లుడు గారూ?"

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఇల్లంతా తిప్పింది.

కమ్మీ: టమాటా మడి. ఆరింట్లో నాలుగు కప్పుకి పోగా మిగిలిన రెండూ అక్కడే పాతింది. ఏటా జూన్‌లో వాటికి టమాటాలు కట్టేది నేనే. జనవరి ఒకటిన తన్నుకుని పడ్డది కూడా దానికే.

కొక్కెం: బీరువా మీద, అకార్డియన్ పెట్టె. దానికి మూడుండేవి. రెండు కప్పుకి పోయాయి కాబట్టి తాడు. తాడు కింద మూడోది ఇంకా ఉంది. నా ఫైలు దాన్ని ఆనుకునే ఉంది.

గుడ్డ: అదే బీరువా వెనక, చుట్ట చుట్టి. నలభై తొమ్మిదేళ్ల నుంచి. "పనికొస్తుందని" అంది.

రబ్బరు: నేలమాళిగలో చచ్చిన ఫ్రిజ్ తలుపుది. నలభై సెంటీమీటర్లకి చాలు.

షెడ్డు నుంచి టమాటా మడికి పద్నాలుగు అడుగులు. కొలిచాను. కొలీన్ దాదాపు వంద కిలోమీటర్లు. రెండుసార్లు వెళ్లాను.

మే 15, గురువారం

వారం నుంచి రాత్రి తొమ్మిదింటికల్లా నిద్ర. అత్తయ్య కుట్టు మిషను మీద, నేను నిచ్చెన మీద. ఒక్కరోజులో ఆవిడ నన్ను అన్న మాటలు (యిట్కా లెక్క పెట్టింది): "అటు కాదు" ఇరవై ఆరు. "ఇందాక చెప్పానుగా" పద్నాలుగు. "ఫర్వాలేదు" ఒకటి.

ఆ ఒక్కటి సాయంత్రం, ఆఖరి మర బిగించాక. లోపలికెక్కి చూడమంటే వద్దంది. "స్లాపీలోనే చూస్తాను."

మే 17, శనివారం. స్లాపీ. సాయంత్రం 5.30

వరసగా రాస్తాను.

ఉదయం పదకొండుకి గట్టున వ్యాను నిలిపాం. లుబోర్ కేకుతో వచ్చాడు, పెద్దది, అందంగానే ఉంది. టేపు కూడా తెచ్చుకున్నాడు. అత్తయ్య లోపలికి ఎక్కి కొక్కేలు విప్పింది. నేను కూడా ఎక్కబోతే, "మీరు పైన రేకు పట్టుకుని నిలబడండి అల్లుడు గారూ. మామయ్యలాగా" అంది.

పట్టుకున్నాను. కింద నుంచి తోసింది. లేచింది. నాలుగు కమ్మీలూ టక్కుమని ఆగాయి, నీలం గుడ్డ మడతలన్నీ విప్పుకుని నిలబడింది. నేను చెయ్యి తీసేశాను. తీశాక కూడా నిలబడింది.

పక్క డేరాలో పెద్దమనిషి బీరు గ్లాసు ఎత్తి, "భలే చేశావయ్యా" అన్నాడు.

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "నేను కాదండీ, మా అత్తయ్య" అన్నాను.

అత్తయ్య మడతల్లోంచి తల బయటపెట్టింది. "చూశావటే యిట్కా, మీ నాన్న బతికున్నన్నాళ్లూ ఆ మాట అన్నాడా?"

లుబోర్ నాలుగు మూలలా నొక్కి చూశాడు. నా దగ్గర తాళంచెవి తీసుకుని అమ్మ చేతిలోనే పెట్టి, టేపు జేబులో దోపుకున్నాడు. "నిద్ర పడితే రేపు ఫోన్ చెయ్యమ్మా" అని వెళ్లిపోయాడు. కాస్త దిగులుగానే. నాకు వాడి మీద మొదటిసారి జాలేసింది.

భోజనమయ్యాక మూడున్నరకి అత్తయ్య నడుం వాలుస్తానని పైకెక్కింది. కాసేపటికి పిలిచింది. గొంతులో వెటకారం లేదు. "అల్లుడు గారూ, ఇలా రండి."

వెళ్లాను. వెల్లకిలా పడుకుని, చెక్క మీద అరచేయి పెట్టి ఉంది.

"ఇక్కడ గీతలుండాలి."

నిచ్చెన మెట్టు మీదే ఆగిపోయాను.

"పిల్లలు పెద్దవాళ్లయి మాతో రావడం మానేశాక మొదలెట్టాడు మీ మామయ్య. ఇందులో పడుకున్న రాత్రికొక గీత. పొద్దున లేవగానే పెన్సిలు తీసేవాడు. నాలుగు వందల పన్నెండు." చెక్క మీంచి చెయ్యి తియ్యలేదు. "ఈ కప్పులో ఆయన చేసిన పని అదొక్కటే."

"నేనే రుద్దేశానత్తయ్యా. ఫిబ్రవరి తొమ్మిదిన. పిల్లల పిచ్చిగీతలనుకున్నాను." ఏడుపొచ్చింది. యాభై ఏడేళ్లవాణ్ణి, అలా నిచ్చెన మీద నిలబడి ఏడ్చాను. ఐదు నెలలు మామయ్య కోసమని దేశమంతా తిరిగాను. ఆయన చేత్తో మిగిలింది అదొక్కటీ నా చేత్తోనే చెరిపేశాను.

ఆవిడ చాలాసేపు చెక్కని తడిమింది.

"నున్నగా రుద్దారు" అంది. "పని బాగానే చేశారు."

తిట్టినా బాగుండేది.

"పెన్సిలుందండీ, చెవి మీదే ఉంది. నాలుగు వందల పన్నెండూ మళ్లీ గీసేస్తాను. ఇప్పుడే."

"అవి ఆయన గీసినవి. మీరు గీస్తే నకలు అవుతుంది. అసలు భాగాలే కదా మీ నియమం?"

"మరేం చెయ్యను?"

"ఇప్పుడేం చేస్తారు. రేపు పొద్దున చూద్దాం. ముందు పడుకోవాలి కదా" అని గోడవైపు తిరిగింది.

మే 18, ఆదివారం. ఉదయం 6.10

రాత్రంతా వాన. నేను కింద నేలమీద పడుకున్నాను. నుదుటి మీద చుక్క, ఆరింటి దాకా, నిమిషానికొకటి. కారింది పత్రమున్న పోలండు రబ్బరు దగ్గర. ఫ్రిజ్ రబ్బరు దగ్గర తడి లేదు.

6.25. పై నుంచి చెయ్యి కిందకి వేలాడింది. "నిద్ర పట్టింది. పెన్సిలివ్వండి."

ఇచ్చాను. గీసిన చప్పుడు వినిపించింది. చిన్నదే.

6.40. ఎక్కి చూశాను. అద్దంలాంటి చెక్క మీద ఒకే ఒక గీత, కొంచెం వంకరగా. దాని పక్కన చాలా చోటుంది. వచ్చే శనివారం మళ్లీ వస్తామని అత్తయ్యే అంది, నేను అనలేదు.

7.00. టీ పెడదామంటే వ్యానులో పొయ్యి వెలగడం లేదు. కవాటం పోయినట్టుంది. మళ్లీ కొత్త పేజీ తీశాను.

తీర్మానం: పొయ్యి. జూన్ ఆఖరుకల్లా. అసలు భాగాలే.

ఈసారి తెలివి తెచ్చుకుని ముందే అడిగాను. "అత్తయ్యా, ఈ పొయ్యి ఎవరు చేశారు?"

"అది మాత్రం మీ మామయ్యే" అంది. "అందుకే ఎప్పుడూ వెలగలేదు."

నియమాలు:
1. ఉప్పుకాగితం ముట్టుకోను.